మీకు తెలుసా? రేస్ ట్రాక్‌లో ఏ మలుపూ ఊరికే పుట్టలేదు

టీవీలో ఫార్ములా వన్ చూసేవాళ్లకు ట్రాక్ అంటే ఎవరో ఇంజనీరు కాగితం మీద సరదాగా గీసిన వంకర గీతే అనిపిస్తుంది. నిజానికి ఆ గీతను వంకర తిప్పినవాళ్ల జాబితా చాలా పెద్దది. పార్లమెంటు చట్టాలు, యుద్ధాలు, వరిపొలాలు, ఇరుగుపొరుగు గొడవలు, ఒక నది, ఒక గొర్రె... అన్నిటికీ అందులో వాటా ఉంది. ఇంగ్లండులో 1907లో మొదలై మన హుస్సేన్‌సాగర్ దాకా వచ్చిన ఆ కథలోంచి కొన్ని ముచ్చట్లు.

స్పీడ్ లిమిట్ కట్టించిన ట్రాక్

20వ శతాబ్దం మొదట్లో బ్రిటన్ రోడ్ల మీద కారు గంటకు 20 మైళ్లు, అంటే సుమారు 32 కి.మీ. దాటితే నేరం. 1903 నాటి మోటార్ కార్ చట్టం పెట్టిన హద్దు అది. రోడ్లు మూసి పందేలు పెట్టుకుందామన్నా కుదిరేది కాదు. పక్కన ఫ్రాన్స్, ఇటలీల్లో ఊళ్ల మీదుగా రేసులు హోరెత్తిపోతుంటే బ్రిటన్ కంపెనీలకు తమ బండి ఎంత ఉరుకుతుందో తోలి చూసుకునే చోటే లేదు. హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి 1905లో ఇటలీలో ఒక రేసు చూడ్డానికి వెళ్లాడు. బరిలో ఒక్క బ్రిటిష్ కారూ లేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి, సర్రే ప్రాంతంలో వేబ్రిడ్జ్ దగ్గరున్న సొంత భూమిలోనే బ్రూక్‌లాండ్స్ ట్రాక్ కట్టించాడు. చుట్టుకొలత 4.4 కి.మీ., వెడల్పు 30 మీటర్లు, మలుపుల దగ్గర దాదాపు 9 మీటర్ల ఎత్తుకు లేచే ఏటవాలు గోడలు. కార్ల పందేల కోసమే ఇంత భారీగా కట్టిన తొలి ట్రాక్‌గా దానికి పేరు. ఖర్చు లక్షన్నర పౌండ్ల దాకా పెరిగింది. అప్పుల దిగులుతో లాక్ కింగ్ ఆరోగ్యం దెబ్బతింటే, భార్య ఎథెల్ పనులన్నీ తన చేతుల్లోకి తీసుకుని పూర్తి చేయించింది. 1907 జూన్ 17న ప్రారంభోత్సవం నాడు కార్ల ఊరేగింపులో ముందు నడిచిన కారు ఆమెదే.

ఇంకో సంగతి. అంత ఏటవాలు మీద తారు పరిచే విద్య అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకే ట్రాక్ మొత్తం సిమెంటు కాంక్రీటుతో పోశారు. కిందున్న మట్టి కుంగినకొద్దీ కాంక్రీటు పలకలు ఎత్తుపల్లాలయ్యాయి. తర్వాతి ఏళ్లలో వేగంగా వచ్చిన కార్లు కొన్నిచోట్ల నాలుగు చక్రాలూ నేలకు అంటకుండా ఎగిరిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి.

నిద్ర చెడగొట్టారని ఆపేశారు

బ్రూక్‌లాండ్స్ తెరిచిన 11 రోజులకే సెల్విన్ ఎడ్జ్ అనే ఆసామి నేపియర్ కారు ఎక్కి, 24 గంటలు ఒక్కడే తోలతానని పందెం వేశాడు. రాత్రిపూట దారి కనబడాలని ట్రాక్ పొడవునా వందలకొద్దీ ఎర్ర లాంతర్లు పెట్టారు. ఆయన 2,500 కి.మీ. పైగా నడిపాడు. సగటున గంటకు 106 కి.మీ.! బయట రోడ్డు మీద అనుమతించిన వేగానికి ఇది మూడు రెట్లకు పైమాటే.

అంతా భేష్ అన్నారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తప్ప. రాత్రంతా ఆ మోత భరించలేక గొడవ చేశారు, వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. రాత్రి పరుగులు బందయ్యాయి. తర్వాత అక్కడ 24 గంటల రేసు పెట్టాలనుకున్నవాళ్లు దాన్ని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. పగలు 12 గంటలు నడిపి, రాత్రికి కార్లకు తాళం వేసి, మర్నాడు మరో 12 గంటలు. సైలెన్సర్ లేనిదే ట్రాక్ ఎక్కనివ్వమన్న నిబంధన కూడా ఆ ఊరి గొడవల్లోంచి వచ్చిందే.

63 రోజులు, 32 లక్షల ఇటుకలు

అమెరికాలో ఇండియానాపోలిస్ ట్రాక్‌ను 1909లో కట్టినప్పుడు కంకర పరిచి, పైన తారు పోసి చదును చేశారు. ఆ ఆగస్టులో మూడు రోజుల రేసులు పెట్టారు. చక్రాల కింద ట్రాక్ ముక్కలు ముక్కలుగా లేచిపోయింది. గుంతలు పడ్డాయి, కంకర రాళ్లు వెనక కార్ల మీదికి తూటాల్లా దూసుకొచ్చాయి. ఆ మూడు రోజుల్లో ఐదుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు ప్రేక్షకులు. ఆఖరి రేసును మధ్యలోనే ఆపేశారు.

యజమానుల ముందు రెండే దారులు: మూసేయడమో, మళ్లీ వేయడమో. కార్ల్ ఫిషర్, ఆయన భాగస్వాములు రెండోదే ఎంచుకున్నారు. ఇసుక పరుపు మీద ఇటుకలను పక్కకు వాల్చి పేర్చి, సందుల్లో సిమెంటు పోయించారు. మొత్తం 32 లక్షల ఇటుకలు. ఒక్కోటి నాలుగు కిలోల పైమాటే. పని 63 రోజుల్లో తేలిపోయింది. అంటే సగటున రోజుకు 50 వేల ఇటుకలకు పైగా!

1930లలో మలుపుల దగ్గర తారు పడటం మొదలైంది. 1961 నాటికి ట్రాక్ అంతా తారు కింద దాగిపోయింది, ఒక్క గజం వెడల్పు తప్ప. రేసు మొదలయ్యే గీత దగ్గర ఆ ఇటుకల పట్టీ ఇప్పటికీ అలాగే ఉంది. 1996లో డేల్ జారెట్ అనే డ్రైవరు గెలిచాక మోకాళ్ల మీద కూర్చుని దాన్ని ముద్దాడాడు. అప్పట్నుంచీ గెలిచినవాళ్లకు అదో ఆనవాయితీ అయిపోయింది.

వెనక అద్దం ఉంది, ఏమీ కనబడలేదు

1911 మే 30న అదే ఇటుకల ట్రాక్ మీద తొలి 500 మైళ్ల రేసు జరిగింది. అప్పట్లో ప్రతి కారులో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చునేవాడు. వెనక నుంచి ఎవరొస్తున్నారో చూసి చెప్పడం కూడా ఆయన పనే. రే హారూన్ మాత్రం బరువు తగ్గుతుందని ఒంటి సీటు కారుతో వచ్చాడు. వెనక చూసేవాడు లేడు, మాకు ప్రమాదం అని మిగతావాళ్లు గోల చేశారు. హారూన్ కారు ముందుభాగం మీద నాలుగు కడ్డీలు నిలిపి ఒక అద్దం బిగించాడు. ఆ రేసు ఆయనే గెలిచాడు. చాలా ఏళ్ల తర్వాత అసలు విషయం ఆయనే బయటపెట్టాడు: ఇటుకల మీద కారు అదురుకు అద్దంలో ఏమీ కనిపించనే లేదట!

మలుపును ఎందుకు వాలుస్తారు?

నాంపల్లి నుమాయిష్‌లో మౌత్ కా కువా చూసినవాళ్లకు ఈ కిటుకు సగం తెలిసినట్టే. నిట్టనిలువు చెక్క గోడ మీద మోటారు సైకిలు పడకుండా తిరుగుతుంది. బండి వేగం దాన్ని గోడకు అదుముతుంది, టైరు పట్టు కిందికి జారనివ్వదు. రేస్ ట్రాక్‌లో మలుపును బయటి వైపు ఎత్తుగా, లోపలి వైపు పల్లంగా వాల్చడం ఆ సూత్రంతోనే. బయటికి విసిరేసే తోపులో కొంత భాగాన్ని వాలు తన మీద వేసుకుంటుంది.

ఎంత భాగం? ఇండియానాపోలిస్ మలుపుల వాలు 9 డిగ్రీల చిల్లర, మలుపు వ్యాసార్ధం సుమారు 256 మీటర్లు. లెక్క కడితే గంటకు 73 కి.మీ. వేగం దాకా ఆ వాలే కారును తిప్పగలదు, టైరు పట్టుతో పనే లేదు. కానీ 1996లో ఆరీ లూయెండైక్ అనే డ్రైవరు అక్కడ ల్యాప్ మొత్తం మీద సగటున గంటకు 380 కి.మీ. పైగా తోలాడు. ఆ మిగతా భారమంతా మోసింది టైర్లూ, కారును గాలి కిందికి అదిమే రెక్కలూ. ఆయన సొంత దేశం నెదర్లాండ్స్‌లో జాండ్‌వోర్ట్ ట్రాక్‌ను ఈమధ్య బాగుచేసినప్పుడు చివరి మలుపును 18 డిగ్రీల వాలుతో కట్టారు. ఆ మలుపు పేరు కూడా లూయెండైకే.

ట్రాక్ కడితే చెరువు వచ్చింది

ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్ 1959లో తెరుచుకుంది. మలుపుల వాలు 31 డిగ్రీలు. ఇంటి మెట్ల వాలుకు కాస్త అటూ ఇటూ. ఆ కట్టలు లేపడానికి అంత మట్టి ఎక్కడిది? ట్రాక్ మధ్యలోనే తవ్వుకున్నారు. తవ్విన గొయ్యిలో నీళ్లు ఊరి చెరువైంది. దాని పేరు లేక్ లాయిడ్. ఇప్పుడు అందులో చేపలు పడతారు.

ఇక బ్రూక్‌లాండ్స్ వాళ్లకు చేతకాని పని, వాలు మీద తారు పరచడం. డేటోనాలో కట్ట పైన బుల్‌డోజర్లు నిలబెట్టి, తారు పరిచే యంత్రాలను వాటికి ఇనుప తాళ్లతో కట్టారు. పైనున్నది కిందిదాన్ని జారకుండా పట్టుకుని నడిపిస్తుంటే పని సాగిపోయింది. 50 ఏళ్లనాటి చిక్కుముడి అలా విడిపోయింది.

రాజుగారి తోటలో 110 రోజులు, కొండల్లో కూలి పని

ఇటలీ గర్వంగా చెప్పుకునే మోంజా ట్రాక్‌ను 1922లో పాత రాజవంశం పార్కులో కట్టారు. 3,500 మంది కూలీలు, 110 రోజులు, 10 కి.మీ. ట్రాక్! ఆ వేగంతో మన దగ్గర ఒక ఫ్లైఓవరు లేచినా పండగ చేసుకుంటాం. అక్కడి పాత వాలు మలుపులు ఇప్పుడు రేసులకు పనికిరావు గానీ, చెట్ల మధ్య అలాగే నిలబడి ఉన్నాయి.

జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ పుట్టుక వేరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఐఫెల్ కొండల ప్రాంతంలో పేదరికం, నిరుద్యోగం తాండవించాయి. జనానికి పని చూపించే పథకంగా 1925లో ట్రాక్ పనులు మొదలుపెట్టారు. 1927లో తెరిచేనాటికి అది కొండలెక్కి, లోయలు దిగి, పాత కోట చుట్టూ తిరిగే 28 కి.మీ. దారి అయింది. ఆ పొడవే తర్వాత దానికి శాపమైంది. 1976 ఆగస్టు 1న ఉత్తర భాగంలో ఫార్ములా వన్ డ్రైవరు నికీ లాడా కారు గట్టుకు గుద్దుకుని అంటుకుంది. మంటల్లోంచి ఆయన్ను బయటికి లాగింది వెనకే వచ్చిన తోటి డ్రైవర్లు. 20 కి.మీ. పైబడిన దారిలో అడుగడుగునా అగ్నిమాపక సిబ్బందిని నిలబెట్టడం జరిగే పని కాదని తేలిపోయింది. ఫార్ములా వన్ మళ్లీ ఆ ఉత్తర భాగం ముఖం చూడలేదు. ఇప్పుడు టికెట్ కొనుక్కుంటే ఎవరైనా సొంత కారులో ఆ దారి మీద ఒక చుట్టు తిరిగి రావచ్చు.

బాంబర్లు దిగిన చోట, ఒక గొర్రె

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రూక్‌లాండ్స్ విమాన ఫ్యాక్టరీల పాలైంది. బండ్లు వెళ్లడానికి వీలుగా వాలు గోడను కూడా కోసేశారు. రేసువాళ్లకు చోటు లేదు. ఇంకోవైపు దేశమంతా వాడకం లేని సైనిక విమానాశ్రయాలు. వాటిలో ఒకటి సిల్వర్‌స్టోన్. 1943లో తెరిచిన ఆ స్థావరంలో వెల్లింగ్టన్ బాంబర్ల సిబ్బంది శిక్షణ పొందేవాళ్లు.

1947లో కొందరు కుర్రాళ్లు ఎవరినీ అడగకుండా కార్లతో లోపలికి దూరి పోటీ పెట్టుకున్నారు. అక్కడ గొర్రెలు మేస్తున్నాయి. మారిస్ జోగెగన్ అనే అతని కారుకు ఒక గొర్రె అడ్డొచ్చింది. గొర్రె చచ్చింది, కారు తుక్కయింది. ఆ దొంగ రేసుకు మటన్ గ్రాండ్ ప్రీ అనే పేరు స్థిరపడిపోయింది!

మరుసటి ఏడు, 1948లో, అధికారికంగానే గ్రాండ్ ప్రీ పెట్టారు. గడ్డి మోపులు, తాళ్లు పెట్టి దారి గుర్తించారు. రన్‌వేలను కూడా ట్రాక్‌లో కలిపేయడంతో ఒక చిక్కొచ్చింది. రెండు వైపుల నుంచీ వచ్చే కార్లు మధ్యలో ఎదురెదురుగా దూసుకొచ్చి, చివర్లో ఎవరి మలుపు వాళ్లు తిరగాలి. ఎదుటి కారును చూసి డ్రైవరు బెదరకుండా మధ్యలో కాన్వాస్ తెరలు కట్టారు. 1949లో రన్‌వేలు వదిలేసి, విమానాశ్రయం చుట్టూ ఉన్న రోడ్డునే ట్రాక్‌గా చేసుకున్నారు. 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి రేసు జరిగింది అక్కడే. గెలిచింది ఇటలీ డ్రైవరు జుసెప్పె ఫరీనా.

నెల్లూరు దారిలో మన సిల్వర్‌స్టోన్

నెల్లూరు నుంచి చెన్నై బస్సెక్కితే రెడ్‌హిల్స్ రాకముందే షోళవరం వస్తుంది. అక్కడా యుద్ధకాలపు రన్‌వే ఒకటి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే రేసుల మైదానం చేసుకుంది. దశాబ్దాల పాటు దక్షిణాది కార్ల పిచ్చోళ్లకు, మోటారు సైకిళ్ల వీరులకు షోళవరమే పుణ్యక్షేత్రం.

కానీ రన్‌వే మీద ఎంత ఆడినా అది అద్దె ఇల్లే. తిన్నని దారి తప్ప అసలైన మలుపులు ఉండవు, పక్కన భద్రత ఏర్పాట్లకు అవకాశం తక్కువ. చివరికి క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత భూమి కొని, 3.7 కి.మీ. ట్రాక్ వేసుకుంది. 1990లో మొదలైన ఆ ట్రాక్‌ను ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. దేశంలో సొంత చేతుల్తో, క్లబ్ సభ్యులే కూడబలుక్కుని నిలబెట్టుకున్న ట్రాక్ అది.

కోయంబత్తూరు సంగతీ చెప్పుకోవాలి. ఆ ఊరి ఎస్. కరివర్ధన్ 1980లలో మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసి ఫార్ములా మారుతి పోటీలకు ఊపిరి పోశాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. 2003లో కోయంబత్తూరు శివార్లలో తెరిచిన 2.1 కి.మీ. ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని. భారత్ నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన తొలి డ్రైవరు నరైన్ కార్తికేయన్‌ది కూడా ఆ ఊరే.

వరిచేను జోలికి పోవద్దన్నాడు

హోండా కంపెనీ 1960 ప్రాంతంలో బండ్లు పరీక్షించుకునే ట్రాక్ కోసం జపాన్‌లోని సుజుకా దగ్గర చోటు చూసింది. చదునైన పొలాల్లో అయితే పని సులువు. కానీ వ్యవస్థాపకుడు సోయిచిరో హోండా ఒప్పుకోలేదు. బియ్యం పండే పొలాన్ని పాడుచేయొద్దు, కొండవైపు వెళ్లండని తేల్చిచెప్పాడు. దాంతో ట్రాక్ గుట్టల మీదికి ఎక్కింది. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన జాన్ హ్యూగెన్‌హోల్ట్స్ డిజైన్‌తో 1962లో తెరుచుకుంది.

ఇప్పుడు ఫార్ములా వన్ క్యాలెండరులో ఇంగ్లిష్ 8 అంకె ఆకారంలో ఉన్న ట్రాక్ ఇదొక్కటే. ఒక దారి మీద వంతెన, దాని కింద అదే ట్రాక్ మరో భాగం. గుండ్రటి ట్రాక్‌లో కారు ఎక్కువగా ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి ఒక పక్క టైర్లు ముందే అరుగుతాయి. 8 ఆకారంలో కుడి, ఎడమ మలుపులు దాదాపు సరితూగుతాయి. బండ్లు పరీక్షించే కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి?

గోడ జరగలేదు, మలుపే మారింది

ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో టాంబురెల్లో అనే మలుపు ఉండేది. పూర్తి వేగంతో తీసుకునే ఎడమ మలుపు. బయటివైపు కొద్ది దూరంలోనే కాంక్రీటు గోడ. ఆ గోడను ఎందుకు వెనక్కి జరపలేదు? దాని వెనకే సాంటెర్నో నది పారుతోంది. 1994 మే 1న ఫార్ములా వన్ డ్రైవరు అయిర్టన్ సెన్నా అక్కడే గోడకు గుద్దుకుని చనిపోయాడు. ముందురోజు అదే ట్రాక్‌లో మరోచోట ఇంకో డ్రైవరు రోలాండ్ రాట్జెన్‌బర్గర్ ప్రాణం పోయింది.

నది కదలదు, గోడా కదలదు. కనుక 1995లో మలుపునే మార్చేశారు. పాత వేగపు వంపు పోయి, బ్రేకు గట్టిగా నొక్కితే తప్ప తిరగలేని వంకర మెలిక వచ్చింది. దీన్నే చికేన్ అంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారన్న మాట నిజమే. అయితే ఆ ఆకులు ప్రపంచంలో చాలా ట్రాకుల్లోనూ పట్టుకున్నారు. ఇసుక, కంకర పరుపులు, వెడల్పాటి ఖాళీ స్థలాలు, పాత టైర్లను కట్టలుగా బిగించి ముందు రబ్బరు బెల్టు చుట్టిన అడ్డుగోడలు పెరిగాయి.

గోడ దూరంగా జరపడానికి చోటే లేని అమెరికా ఓవల్ ట్రాకుల్లో గోడనే మెత్తగా మార్చారు. దగ్గరికెళ్లి చూస్తే ఎదుట తెల్ల రంగు వేసిన చదరపు ఉక్కు గొట్టాలు ఒకదాని మీద ఒకటి అతికి ఉంటాయి. వాటి వెనక అసలు కాంక్రీటు గోడకూ ఉక్కుకూ మధ్య థర్మోకోల్ జాతి ఫోమ్ దిమ్మెలు. కారు తగలగానే ఉక్కు కొద్దిగా లోపలికి వంగుతుంది, ఫోమ్ నలిగి ఆ దెబ్బను మింగుతుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం నిపుణులు తయారుచేసిన ఈ గోడను తొలిసారి 2002లో ఇండియానాపోలిస్‌లోనే పెట్టారు.

గీత గీయడానికీ కొలతలున్నాయి

ఇప్పుడు ఎవరికి వాళ్లు ట్రాక్ గీసుకుంటే చెల్లదు. అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఎఫ్‌ఐఏ కొత్త శాశ్వత ట్రాకులకు కొలతలు రాసిపెట్టింది. వెడల్పు కనీసం 12 మీటర్లు. కార్లు బారులు తీరే చోట 15. ఏ తిన్నని దారీ 2 కి.మీ. మించరాదు. ట్రాక్ మొత్తం పొడవు 7 కి.మీ. దాటకూడదు. బయల్దేరే గీత నుంచి మొదటి మలుపుకు కనీసం 250 మీటర్ల దూరం ఉండాలి. లేకపోతే ఇరవై కార్లు ఒకేసారి ఒకే సందులో తల దూర్చి కుమ్ముకుంటాయి. వాననీరు నిలవకుండా ట్రాక్ అడ్డంగా కొంచెం వాలి ఉండాలి, అదీ 3 శాతం లోపే.

పాతకాపులకు మినహాయింపు ఉంది. మొనాకో ట్రాక్ 3.337 కి.మీ. మాత్రమే. 1929 నుంచీ రేసు నడుస్తున్న ఆ సందుల్ని ఇక ఎవరు వెడల్పు చేస్తారు?

బుద్ధుడి పేరు, మట్టి గుట్టలు, ఒక వీధికుక్క

ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 2011లో సిద్ధమైంది. జర్మన్ ఆర్కిటెక్ట్ హెర్మన్ టిల్కే గీశాడు. పొడవు 5.1 కి.మీ. చిల్లర, 16 మలుపులు. అక్కడి నేల అరచేయిలా చదును. చదును నేల మీద రేసు చప్పగా ఉంటుందని మట్టి పోసి ఎత్తుపల్లాలు తయారుచేశారు. మూడో మలుపు దగ్గర ట్రాక్‌ను కావాలనే బాగా వెడల్పు చేశారు, ముందున్న కారు ఒక దారి పడితే వెనకున్నవాడు ఇంకో దారి పట్టి దాటేయాలని. ఆ మలుపు దాటగానే కిలోమీటరు పైన తిన్నని దారి.

మొదటి రోజు ప్రాక్టీసు మొదలైన కాసేపటికే ఎర్ర జెండా ఊపాల్సి వచ్చింది. కారణం ప్రమాదం కాదు, ట్రాక్ మీద షికారుకొచ్చిన వీధికుక్క! రెండో తలనొప్పి దుమ్ము. రేసు కార్లు ఒకే వరుసలో తిరగడంతో ఆ పట్టీ వరకే ట్రాక్ శుభ్రమవుతుంది. పక్కకు తప్పుకుంటే టైరు దుమ్ము మీద జారుతుంది. 2011, 2012, 2013 మూడేళ్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఆ తర్వాత పన్నుల గొడవల్లో రేసు ఆగిపోయింది. ఫార్ములా వన్ ఆటా, వినోదమా అన్న పేచీ కూడా అందులో ఉంది. 2023 సెప్టెంబరులో మోటోజీపీ బైకులు వచ్చినప్పుడు ట్రాక్‌ను కొద్దిగా మార్చి 4.96 కి.మీ.కు కుదించారు. బైకు జారితే మనిషి నేల మీద దొర్లుకుంటూ పోతాడు కనుక గోడలు ఇంకా దూరంగా ఉండాలి.

మ్యాన్‌హోల్ మూతతో రేసు బంద్

ఊరి రోడ్ల మీద రేసు పెడితే ఎవరూ ఊహించని శత్రువు నేలలోనే ఉంటుంది. ఫార్ములా వన్ కారు అడుగుభాగం నేలకు చాలా దగ్గరగా ఉండి, కింద గాలి పీడనం తగ్గేలా చేస్తుంది. ఆ గుంజుడుకు బరువైన ఇనుప మూతలు కూడా లేచి వచ్చేస్తాయి. 2023లో లాస్ వేగాస్ తొలి ప్రాక్టీసు ఎనిమిది నిమిషాలకే ఆగిపోయింది. రోడ్డులోని నీటి వాల్వు మూత కార్లోస్ సైంజ్ ఫెరారీ కింది భాగాన్ని చీల్చేసింది. అందుకే వీధి ట్రాకుల్లో మ్యాన్‌హోల్ మూతలకు వెల్డింగు చేయడం, దాన్ని మళ్లీ మళ్లీ తనిఖీ చేయడం పెద్ద పని.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కి.మీ.

2023 ఫిబ్రవరి 11న భారతదేశంలో తొలి ఫార్ములా ఈ రేసు హైదరాబాద్‌లో జరిగింది. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, కొత్త సచివాలయం పక్కలను కలుపుతూ 2.8 కి.మీ. ట్రాక్, 18 మలుపులు. మామూలు రోజుల్లో ఐస్‌క్రీం బండ్లు, సెల్ఫీలు తీసుకునే జంటలు నిండుగా కనబడే రోడ్డుకు రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, వాటి పైన ఇనుప జాలీలు లేచాయి. గెలిచింది ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్.

ఇన్ని మలుపులు ఎందుకు పెట్టారు? ఆ రేసు కార్లు బ్యాటరీతో నడుస్తాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ మోటారు జనరేటర్‌గా మారి కరెంటును వెనక్కి పంపుతుంది. అప్పుడే కొత్తగా వచ్చిన మూడో తరం కారు రేసులో వాడే శక్తిలో 40 శాతం పైగా అలా బ్రేకుల్లోంచే రాబట్టుకుంటుంది. పొడవాటి తిన్నని రోడ్డు పెట్రోలు కారుకు పండగ, ఈ కారుకు బ్యాటరీ ఖర్చు. మలుపులున్న ఊరి రోడ్డే దీనికి అచ్చొచ్చిన చోటు. పైగా పెట్రోలు ఇంజన్ హోరు ఉండదు కనుక నగరం నడిబొడ్డున పెట్టినా చెవులు చిల్లులు పడవు. బ్రూక్‌లాండ్స్ పక్కింటివాళ్లు ఈ రేసుకైతే బహుశా కోర్టుకెక్కేవాళ్లు కాదు.

కానీ మోత లేకపోయినా ట్రాఫిక్ ఉంటుంది. రోడ్లు మూసిన రోజుల్లో ఖైరతాబాద్, లక్డీకాపూల్ చుట్టుపక్కల బండి తోలినవాళ్లు పడ్డ అవస్థ వాళ్లకే తెలుసు. రెండో ఏడాది రేసు జరగలేదు. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024 జనవరిలో దాన్ని రద్దు చేశారు. వీధి ట్రాక్‌కు ఇదే లాభం, ఇదే నష్టం: భూమి కొనక్కర్లేదు, కానీ ఒప్పందం పోతే ట్రాకే ఉండదు. అదే ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కి.మీ. వీధి ట్రాక్ మీద ఫ్లడ్‌లైట్ల వెలుగులో రేసులు జరిగాయి. దేశంలో రాత్రిపూట వీధి రేసు అదే మొదటిసారి.

ట్రాక్‌కూ లైసెన్సు, దానికీ గడువు

ట్రాకులకు ఎఫ్‌ఐఏ గ్రేడ్లు ఇస్తుంది. ఫార్ములా వన్ నడపాలంటే మొదటి గ్రేడు తప్పనిసరి. ఒకసారి ఇచ్చిన లైసెన్సు గరిష్ఠంగా మూడేళ్లే చెల్లుతుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్లు మళ్లీ వచ్చి గోడల దూరాలు, టైర్ల కట్టలు, కంకర పరుపులు, వైద్య కేంద్రం అన్నీ చూస్తారు. కార్ల వేగం పెరిగితే నిన్న చాలిన ఖాళీ స్థలం ఇవాళ చాలదు. అందుకే వందేళ్ల మోంజా అయినా, 80 ఏళ్లకు దగ్గరపడ్డ సిల్వర్‌స్టోన్ అయినా ఏదో ఒక మూల తవ్వుతూనే ఉంటారు. మన బుద్ధ్ సర్క్యూట్ తారు అక్కడే ఉంది, స్టాండ్లు అక్కడే ఉన్నాయి. ఫార్ములా వన్ కార్లు మళ్లీ అక్కడికి రావాలంటే మాత్రం వాటికంటే ముందు టేపు పట్టుకుని ఇన్‌స్పెక్టరు రావాలి.